బల్లల మోత

గంగాధరరావు మైకు ముందు నిలబడ్డాడు. ఎదురుగా అరవైమంది. రేపు బడిపంతుళ్ళు కాబోయే జర్మన్ కుర్రాళ్ళు, అమ్మాయిలు.

"మా విద్యార్థులకు నచ్చితే మీ పుస్తకం మేమే అచ్చు వేస్తాం" అని పిలిచిన ప్రొఫెసరమ్మ ముందే చెప్పింది. కరీంనగర్‌లో ఏ ప్రచురణకర్తా గడప తొక్కనివ్వలేదు. ఇక జర్మనీలోని ఈ హైడెల్‌బర్గే ఆఖరి ఆశ.

పుస్తకం బ్రెంట్‌నర్ గురించి. నూటడెబ్బై ఏళ్ళ కిందటి జర్మన్ మాస్టారు. అప్పట్లో కొలువు పోయిన సిపాయిలూ, దర్జీలూ బెత్తం పట్టుకుని పాఠాలు చెప్పేవారు. పంతులుకి ముందు పిల్లల్ని చదవడం నేర్పాలి, పుస్తకం సంగతి తర్వాత అని పోట్లాడి, శిక్షణ తీరునే మార్చాడాయన. ట్రైనింగ్ కాలేజీ లెక్చరర్‌గా గంగాధరరావు ముప్ఫై ఏళ్ళు ఆయన్ని పట్టుకుని వేలాడాడు. ఎనిమిది వందల పేజీలు. చేతిరాత. ఒకటే ప్రతి.

గంటసేపు ఇంగ్లిష్‌లో చెప్పాడు. ఎవరూ నవ్వలేదు, తలూపలేదు. "థాంక్యూ" అని ముగించాడు.

ఒక్కసారిగా మోత. పిడికిళ్ళు బిగించి అరవైమందీ బల్లల మీద దబదబా కొట్టారు. ప్రొఫెసరమ్మ కూడా!

కరీంనగర్‌లో విద్యార్థులు బల్లలు కొట్టారంటే లెక్చరర్ ఇక దయచేయాలని అర్థం. సర్వీసంతా ఆయనకు ఆ గతి పట్టలేదు. పరాయి దేశంలో, డెబ్బయ్యో ఏట పట్టింది. తల కొట్టేసినట్టయింది. కాగితాలు సంచీలో కుక్కుకుని పక్క తలుపులోంచి బయటపడ్డాడు.

మేనకోడలు ప్రవీణ ఇంటి ముందు పాత కాగితాలు వేసే నీలం డబ్బా ఉంది. ఎనిమిది వందల పేజీలూ అందులో పడేశాడు. మధ్యాహ్నం బండి వచ్చి ఎత్తుకుపోయింది. కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం ప్రవీణ కిటా అనే పసిపిల్లల బడి నుంచి పాపను తీసుకుని వచ్చింది.

"ఎట్లయింది మామా? వాళ్ళకు నచ్చిందా?"

"యాడిది బిడ్డా. అయిపోంగనే అందరు బల్లలు గుద్దిన్రు. ఇగ పో అన్నట్టే. బుక్కు డబ్బాల పారేసిన. బండోడు కొంటవోయిండు."

ప్రవీణ పాపను కిందికి దింపి, ఆయన పక్కన కూలబడింది.

"ఈడ లెక్చర్ నచ్చితే చప్పట్లు కొట్టరు మామా, బల్లలే కొడ్తరు."