రమ్మని పిలిచిన మనిషి

తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది, రెండు చేతులూ రెండు తలుపుల మీద ఆనించి.

“నువ్వు వెళ్లడానికి వీల్లేదు. ఎవడో ఒకడు నీ మొహం గుర్తుపెట్టుకుంటాడు. రేపు ఏ సందులోనో ఆపి, ‘ఏం, ఇంటింటికీ తిరిగి జనాన్ని కదిలించావట’ అంటే ఏం చేస్తావు?”

“అమ్మా, ఇవాళ ఓట్లు వేస్తున్నారు, అంతే. యుద్ధం కాదు,” అంది కూతురు చెప్పులు తొడుక్కుంటూ. “చేతులు దించు, లాగేస్తాయి.”

కూతురు బడిలో సోషల్ వర్కర్. పాఠాలు చెప్పదు. బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లి తలుపు కొడుతుంది. ఎందుకు రావడం లేదో కనుక్కుంటుంది. తిట్లు తిని అయినా సరే, మళ్లీ బడికి తీసుకొస్తుంది. అసలు ఇలాంటి మనిషి ఎందుకు, టీచర్లు చూసుకోలేరా అని వార్డులో తగువు లేచింది. తెగక, చివరికి ఓటింగ్ పెట్టారు. ‘ఉండాలి’ అనే ఓట్లు ఒక్కటైనా ఎక్కువ వస్తేనే ఆ ఉద్యోగం ఉంటుంది. లేకపోతే నెలాఖరుకి ఆమె గదికి తాళం.

“తాళం పడితే పడనీ! ఏ ఆఫీసులోనో నీడపట్టున కూర్చుందువుగాని. మొన్న ఆ తాగుబోతు నీ మీదికి చెంబు విసిరాడా లేదా?”

“విసిరాడు. తగల్లేదు. వాళ్ల అమ్మాయి సోమవారం నుంచి బడికొస్తోంది.”

“ఈసారి తగుల్తుంది!”

“సరే, హెల్మెట్ పెట్టుకుని వెళ్తాలే.” కూతురు వంగి, తల్లి చేతి కిందనుంచి దూరి మెట్లు దిగేసింది. కింద నుంచి కేకేసింది: “ఎండ ముదరకముందే బడికి వచ్చి ఓటేసి వెళ్లు!”

“ఎటు వెయ్యాలే?”

“అది నేను చెప్పను. ఎవరికీ చెప్పట్లేదు. రమ్మని మాత్రమే అంటున్నా.”

తల్లి పదకొండింటికి బడికి వెళ్లింది. ఓటు కోసం కాదు, కూతురు ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయేమో చూసుకోవడానికి. దెబ్బల్లేవు. ఒక ముసలాయన కూర్చున్న చక్రాల కుర్చీని కూతురు వాలుదారి మీదికి తోస్తూ కనిపించింది. అది అయ్యేసరికి ఒక చంకలో ఒక బిడ్డ, రెండో చంకలో ఇంకో బిడ్డ.

ఎలాగూ వచ్చింది కదా అని తల్లీ వరసలో నిలబడింది. ముందున్న కుట్టుపని ఆవిడ వెనక్కి తిరిగింది. “మీ అమ్మాయేనా అండీ? మా ఇంటికి మూడుసార్లొచ్చింది. తలుపు తియ్యకపోతే కిటికీలోంచి మాట్లాడింది. బిడ్డతో ఎలా రానమ్మా అంటే, ‘నేనెత్తుకుంటా, నువ్వెళ్లు’ అంది. నేను పుట్టి బుద్ధెరిగాక వేస్తున్న మొదటి ఓటు ఇది.”

“అది సరేగానీ, మీ బిడ్డకి జలుబేమీ లేదుగా? మా పిల్లకి ఇట్టే అంటుకుంటుంది,” అంది తల్లి.

తల్లి వంతు వచ్చింది. అట్టపెట్టె చాటున కాగితం ముందు చాలాసేపు నిలబడిపోయింది. బల్ల దగ్గరున్న ఆయన, “ఏమ్మా, కునుకు తీశారా?” అనేదాకా బయటికి రాలేదు.

ఐదింటికి గంట కొట్టి గేటు మూశారు. అప్పటికి గేటు బయటే ఉన్న కూతురి భుజం మీద ఇంకో పసిగుడ్డు. దాని తల్లి చిట్టచివరి ఓటు వేసి, పరుగున వచ్చి అందుకుంది. కూతురు గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చి, కంచం ముందే నిద్రపోయింది.

మర్నాడు పొద్దున బడి గోడకు కాగితం అంటించారు. ఉండాలి: మూడు వందల పద్దెనిమిది. అక్కర్లేదు: మూడు వందల పద్దెనిమిది. సమానం. ఒక్కటైనా ఎక్కువ రాలేదు కాబట్టి ఉద్యోగం రద్దు.

కూతురు వచ్చి వంటింటి గడప మీద చతికిలబడింది.

“పదిహేడు మందమ్మా. ఈ ఏడాది వెనక్కి తెచ్చినవాళ్లు. రేపు వాళ్లు మళ్లీ మానేస్తే ఎవరు వెళ్తారు? ఎవరు తలుపు కొడతారు?”

తల్లి స్టవ్ కట్టేసింది. కూతురి ముందు కూలబడి, సిరా అంటిన వేలు పైట కొంగులో దాచుకుంది.

“నన్ను చంపెయ్యవే. అక్కర్లేదని వేశాను.”

కూతురు తలెత్తి చూసింది.

“కాగితం చూస్తే ఆ చెంబే కనిపించింది. నీ నెత్తురే కనిపించింది. ఇదొక్కటీ పోతే నా పిల్ల నాకు క్షేమంగా మిగుల్తుందనుకున్నా. అంతమందిలో నాదో లెక్కా అనుకున్నా. నేను వెయ్యకుండా ఉన్నా సరిపోయేది కదే! ఆ పదిహేడు మంది ఉసురూ నాకే తగుల్తుంది.” వెక్కి వెక్కి ఏడ్చింది.

కూతురు తల్లి కొంగు అందుకుని ఆమె కళ్లు తుడిచింది.

“ఊరుకో అమ్మా. నీకు భయమేసింది. అయినా ఎండలో వచ్చావు, వరసలో నిలబడ్డావు, నీకు తోచింది చెప్పావు. నిన్ను ఒక్క మాట అనే హక్కు నాకు లేదు.”

“నేను నీ ఉద్యోగం తీసేశానే! నన్ననకపోతే ఇంకెవర్ని అంటావు?”

“అందర్నీ లోపలికి పంపేసరికి గేటు మూసేశారమ్మా,” అంది కూతురు మెల్లగా, ఒక్క వేలికీ సిరా చుక్క లేని రెండు చేతులూ తల్లి ముందు చాపి.