పంక్తిలోంచి లేపిన మనిషి

పంక్తిలో ముగ్గురు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

ఖీరి పాయసం గిన్నెతో ప్రఫుల్ల పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది?"

"మీ చుట్టమా ఆయన? చేతులు చూశావా?"

చూశాడు. విస్తరి ముందు ఒదిగి కూర్చున్న ముసలాయనకి వేళ్ళు సగానికే ఉన్నాయి.

ఆవేళ కృత్తివాస జెజె పన్నెండో రోజు. ప్రఫుల్ల తాతగారికి తమ్ముడాయన, వరసకి తాతే. తండ్రి లేని ప్రఫుల్లని భుజాన మోసి పెంచింది ఆయనే. పెరిగి పెద్దయిన నలుగురు అన్నదమ్ముల్లో అందరికంటే చిన్నవాడు, అందరికంటే ఆఖర్న పోయాడు. ఆ తరం ఇక సరి అని పొద్దుటి నుంచి ఊరు ఊరంతా అనుకుంటూనే ఉంది.

"ఏ ఊరు మౌసా మీది?"

"నది అవతల బాబూ. కాలనీ."

కుష్ఠు వచ్చినవాళ్ళుండే కాలనీ అది. ఆ మాట వినగానే ఇంకో ఇద్దరు లేచారు.

"మా జెజె మీకెలా తెలుసు?"

ముసలాయన విస్తరి వంక చూశాడు.

"తెలిసినవాళ్ళం" అన్నాడు చివరికి.

"తెలిస్తే గుమ్మం దగ్గర దణ్ణం పెట్టి పోవాలి గానీ, పంక్తిలో కూర్చోవడమేంటి!" అన్నాడు ప్రఫుల్ల మేనమామ. "పెద్దమనుషులు తినకుండా లేచిపోతున్నారు. మన పరువేం కాను?"

"జబ్బు ఎప్పుడో నయమైంది బాబూ. అంటుకోదు. డాక్టరు రాసిచ్చిన కాయితం కూడా..." ముసలాయన జేబు తడుముకున్నాడు.

అంటుకోదని ప్రఫుల్లకి తెలుసు. అతను సైన్సు మాస్టారు. ఆ పాఠం ఏటా చెప్తాడు.

"అది కాదు మౌసా. పొట్లం కట్టిస్తాను. ఇంటికెళ్ళి నిదానంగా తినండి."

ముసలాయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

దండ వేసిన ఫోటో వైపు రెండడుగులు వేశాడు. మేనమామ అడ్డం వచ్చాడు. ముసలాయన అక్కడే ఆగి చూశాడు.

"ఇందులో నవ్వలేదే! నవ్వితే ఎడం బుగ్గ మీద సొట్ట పడేది."

ముప్పయ్యేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా ప్రఫుల్ల ఆ సొట్ట ఎన్నడూ చూడలేదు. అతనికి ఊహ తెలిసేసరికే జెజెకి గడ్డం ఉంది.

పొట్లం చేతికివ్వాలనుకున్నాడు. అందరూ తననే చూస్తున్నారు. అరుగు మీద పెట్టాడు.

ముసలాయన దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని వెళ్ళిపోయాడు.

లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు.

"ఎంత మనిషండీ కృత్తివాస! ఆకలితో వచ్చినవాణ్ణి అన్నం పెట్టకుండా గుమ్మం దాటనిచ్చేవాడా?" అన్నాడొకాయన, ఖీరి జుర్రుకుంటూ.

ప్రఫుల్ల తల వంచుకుని వంటల వైపు వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆటో నడిపే మకర వచ్చాడు.

"ఆ కాలనీ తాతని తెచ్చింది నేనే మాస్టారూ. మళ్ళీ దించొచ్చింది కూడా నేనే."

"తిన్నాడా?" అన్నాడు ప్రఫుల్ల.

"పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, విప్పలేదు. నెలనెలా మీ జెజెని ఆయన దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. ఇద్దరూ ఒక్క విస్తట్లో తినేవాళ్ళు. ఎవరితోనూ అనొద్దని మీ జెజె నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఇంట్లో ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆగిపోతాయని."

"ఎవరు మకరా ఆయన?"

"నాకూ ఇవాళే తెలిసింది. పోయిన కబురే పొద్దున అందిందట ఆయనకి. తిరిగి వెళ్తూ రేవు దగ్గర ఆటో ఆపమని మంగలి ముందు కూర్చున్నాడు. 'ఊరివాడెవరో పోతే నీకెందుకు తాతా గుండు?' అన్నాడు మంగలి."

మకర తలమీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"'పదేళ్ళప్పుడు మావాళ్ళు నన్ను కాలనీలో వదిలేసి, ఏట్లో కొట్టుకుపోయానని చెప్పుకున్నారు... పోయింది మా చిన్నన్నయ్యరా' అన్నాడు మాస్టారూ."