తొక్కు సీసా కేసు

డబ్బింగ్ కొరియా సినిమాలో హీరో చెయ్యని నేరానికి జైల్లో పడ్డాడు. ఖతార్‌లోని బర్వా లేబర్ క్యాంపులో పై మంచం మీద రాజేందర్ ఫోన్‌లో అది చూస్తూ, లుంగీ అంచుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

కింద షఫీ బ్యాగు సర్దుకుంటున్నాడు. రాజేందర్ మామిడి తొక్కు సీసా మాయమైనప్పుడు "తిన్నది నువ్వే" అని అతను షఫీని అందరి ముందూ అన్నాడు. అప్పట్నుంచి వేరే రూముకు మార్చమని షఫీ అడుగుతున్నాడు. ఇవాళ మార్చారు.

"సాక్ష్యం లేదు, పాడు లేదు, లోపలేసిన్రు!" రాజేందర్ పళ్లు కొరికాడు. "వీడన్న నోరు తెర్వద్దా? నేను చెయ్యలేదని చెప్పుకోవద్దా?"

"చెప్పినాడన్నా. ఎవురూ ఇన్లేదు."

"ఈ సినిమ నువ్వు సూసినవా?"

"లేదన్నా." షఫీ జిప్పు లాగాడు.

రాజేందర్ సినిమా ఆపి కిందికి దిగాడు. ఆ రోజు అందరి పెట్టెలూ వెతికించిన మహానుభావుడు తన పెట్టె మాత్రం తెరవలేదు. ఇప్పుడు తెరిచాడు. ఎవరి కంటా పడకూడదని తనే దుప్పట్లో చుట్టి, దాచి, మరిచిపోయిన సీసా అడుగున ఉంది. మూతైనా తియ్యలేదు.

షఫీ అప్పటికే తలుపు దాకా వెళ్లాడు.

"షఫీ, బ్యాగు కింద పెట్టు. దొంగ దొరికిండు," అన్నాడు రాజేందర్. "జర మెల్లగ కొట్టు. రేపు వానికి డ్యూటీ ఉంది."