బావగారి ఫర్మ్‌వేర్

"ఆ ఉచిత సరుకు తీసిపారెయ్యరా. కస్టమర్ వచ్చేసరికి సర్వర్‌లో మనదే ఉండాలి," అన్నాడు టీమ్ లీడర్.

ఆయన పారెయ్యమన్నది వర్చువల్ మెషిన్లను, అంటే సాఫ్ట్‌వేర్‌లోనే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లను, స్టార్ట్ చేసే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌ను. అది ఆ మెషిన్లను నడిపే ఎమ్యులేటర్‌తో పాటే వస్తుంది. ఆ సోర్సే తీసుకుని, తన తెలివి కొంత కలిపి, ఆయన కొత్తది బిల్డ్ చేశాడు. పరీక్షలన్నీ పాసయ్యాయి. ఇవాళ కస్టమర్ ఒప్పుకుంటే ఈయన డైరెక్టర్ అయిపోతాడు.

"ఎందుకైనా మంచిది, ఉండనిద్దాం బావా," అన్నాడు టెస్టింగ్ చూసే ఆయన బావమరిది.

"ఊరికే వచ్చేదంటే నీకు ప్రాణం. మా ఇంట్లో భోజనంలాగా."

బావమరిది దాన్ని తీసేశాడు. ఆ తర్వాత ఒక్క మెషినూ లేవలేదు.

మెషిన్లను స్టార్ట్ చేసే కమాండ్‌ను ఇద్దరూ చూశారు. బావ రాసి, పరీక్షల్లోనూ వాడించిన ఆ కమాండ్‌లో బావ ఫైల్ పేరే లేదు. పేరు ఇవ్వకపోతే ఎమ్యులేటర్ తన వెంట తెచ్చుకున్నదాన్నే వాడుతుంది.

పేరు చేర్చి మళ్లీ నడిపారు. తెర నల్లగానే ఉంది.

కస్టమర్ లిఫ్ట్ ఎక్కాడని కింది నుంచి ఫోన్ వచ్చింది.

"పాతదే పెట్టెయ్," అన్నాడు బావ. "ఇన్నాళ్లూ నువ్వు టెస్ట్ చేసిందేంట్రా?"

"నీది కాదు బావా. అందుకే పాసయ్యింది."