ఎర్ర దీపం దగ్గర ఎక్కే పిల్ల

ఆ నాలుగు రోడ్ల కూడలిలో సాయంత్రం వేళ ఎర్ర దీపానికి బండి ఆపితే, చాలా ఏళ్ల కిందట అక్కడ లారీ గుద్ది చనిపోయిన పిల్ల వచ్చి పక్క సీట్లో కూర్చుంటుందని ఊరంతా నమ్మేది.

నమ్మకానికి తగిన జాగ్రత్తలూ ఉండేవి. కార్లవాళ్లు పక్క సీటు మీద సంచులు పేర్చేవారు. స్కూటర్లవాళ్లు వెనక సీటుకు హెల్మెట్ కట్టేవారు. తలను కాపాడవలసిన వస్తువు సీటుకు కాపలా కాసేది. పొద్దు వాలాక ఎరుపు పడిందంటే ఆగేది పోయి అందరూ వేగం పెంచేవారు. అడ్డ రోడ్డుకు మాత్రం అప్పుడే పచ్చ దీపం వెలిగేది. ఆ తర్వాత గుద్దుకున్న ప్రతి బండీ పిల్ల ఖాతాలోకే చేరేది.

కూడలి మూల రోడ్డు భద్రతా శాఖ వారి బోర్డు ఒకటుంది. ‘ఇక్కడ ఒక పసిప్రాణం పోయింది. నెమ్మదిగా వెళ్లండి.’ మొదటి వాక్యం అందరికీ కంఠస్థమే. రెండోదాన్ని పట్టించుకున్నవారు లేరు.

ఆ శాఖలో సిగ్నళ్లు చూసే ఇంజనీరుగా కొత్తగా చేరిన అమ్మాయి, తోటివాళ్లు వద్దంటున్నా ఈ కూడలి పనిని కోరి తీసుకుంది. సోమవారం నుంచి అవతలి వైపు కొత్త బడి తెరుస్తున్నారు. పిల్లలు ఇక్కడే రోడ్డు దాటాలి. ఆలోగా బండ్లు ఆగడం నేర్చుకోకపోతే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

దీపాలకు అడ్డొచ్చే కొమ్మలు కొట్టించింది. కాంతి పెంచింది. నాలుగు వైపులా ఒకేసారి ఎరుపు ఉండే వ్యవధిని పొడిగించింది. దాంతో పిల్లకు ఎక్కడానికి మరికాస్త తీరిక దొరికిందని జనం ఇంకా దూకుడుగా పోసాగారు.

లోపం దీపాల్లో ఉంటే దిద్దగలదు. మనుషుల్లో ఉన్నదాన్ని దిద్దాలంటే మొదలు వెతకాలి. ఆనాడు దెబ్బ తిన్న పిల్లను ఆసుపత్రికి ఎత్తుకెళ్లింది ఎవరని నలుగురినీ అడిగింది. వ్యాన్ల స్టాండులో ‘పెద్దాయన’ అని చెప్పారు. ఆయన గీసిన గీత ఏ డ్రైవరూ దాటడట.

పెద్దాయన మొదట ఎకసెక్కమాడాడు. “ఆగకపోతే చలానా రాస్తావు, అంతేగా? కట్టేస్తాం. ఆ పిల్లను ఎక్కించుకుంటే ఎక్కడ దించాలమ్మా?”

ఆమె నవ్వలేదు. అప్పుడు చెప్పాడు. లారీ ఆగకుండా పోయింది. పిల్లను తానే ఎత్తి, తన పక్క సీట్లో కూర్చోబెట్టి ఆసుపత్రికి తోలాడు. దారి పొడవునా తల తన భుజం మీద వాలిపోయే ఉంది. ఊపిరి ఆడుతున్న జాడ లేదు. గుమ్మంలో నర్సు చేతికిచ్చి, చావు మాట చెవిన పడకముందే వచ్చేశాడు. ఇప్పటికీ మలుపు తిరిగినప్పుడల్లా ఆ భుజం బరువెక్కుతుందట.

“మళ్లీ వెళ్లి కనుక్కోలేదా బాబాయ్?”

“ఏమని కనుక్కోను? పిల్ల తాలూకు వాళ్లది ఈ ఊరు కాదు, వారం తిరక్కుండా బోర్డు పెట్టేశారు కదా.”

ఆమె కాసేపు ముఖం తిప్పుకుంది. తర్వాత ఒక్క సాయం అడిగింది. ఈ పూట తనను కూడలి మీదుగా తీసుకెళ్లి, ఎరుపు పడితే ఆపాలి. ఆయన ఆగితే వెనకవాళ్లూ ఆగుతారు. మాటలతో పోయే భయం కాదిది.

ఆమే వ్యాను తలుపు తీసి, పక్క సీటు మీది మూటను వెనక్కి నెట్టింది.

“అది ఖాళీగా ఉంచకూడదమ్మా.”

“ఖాళీగా ఎందుకుంటుంది? నేనుంటాగా.”

కూడలి చేరేసరికి పొద్దు వాలింది. ఎరుపు పడింది. ఆయన పాదం బ్రేకు మీదే పడింది. వెనక హారన్లు గోల పెట్టాయి. ఎవరి బండి ఆగిందో తెలిశాక ఒక్కొక్కటే సద్దుమణిగాయి. ఎన్నడూ లేనిది, ఆ వేళప్పుడు కూడలి నిశ్శబ్దంగా ఉంది. ఎర్రటి వెలుగు అద్దంలోంచి పాకి ఇద్దరి మీదా పడింది. పెద్దాయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“ఎక్కిందా అమ్మా?” అని గొణిగాడు.

“ఎక్కి చాలాసేపయింది బాబాయ్, ఆ రోజు మీరు నర్సు చేతికిచ్చి వచ్చిన పిల్లను నేనే, స్పృహ తప్పింది గానీ ప్రాణం పోలేదు.”