బుగ్గన పెట్టుకున్న మాత్రలు

"నోరు తెరువమ్మా," అంది ఇంటింటికీ మందులిచ్చే నర్సు.

కోడలు తెరవలేదు. అయిదో నెల కడుపుకి మలేరియా సోకకుండా ఇచ్చిన మూడు మాత్రలూ బుగ్గన చేదుగా కరుగుతున్నాయి. మింగడం కళ్లారా చూస్తేగానీ నర్సు కదలదు. ఆమె వెనక గుమ్మంలో నిలబడి, మింగావో నీ పని చెప్తా అన్నట్టు అత్తగారు కళ్లురుముతోంది.

నర్సు వెనక్కి తిరిగింది. "పిన్నిగారూ, మీరే వద్దన్నారా?"

"అనక? నా తొలిచూలు ఇలాంటి మాత్రలకే పోయింది. మా అత్త దగ్గరుండి మరీ మింగించింది."

"ఊరికే మింగించిందా?"

"ఊరికే ఎందుకు? అప్పటికి నాలుగు రోజులుగా చలిజ్వరం. నా వణుకుకి మంచం ఊగిపోయేది. లోపల బిడ్డ కదలడం కూడా మానేసింది..."



"కదలిక ఆగాక వేసిందా మాత్రలు?" నర్సు మెల్లగా అడిగింది.

అత్తగారు గుమ్మంలోనే చతికిలబడింది.

"మా అత్తని పోయేదాకా నేను పలకరించలేదు తల్లీ. మంచాన పడి మంచినీళ్లడిగినా విననట్టే ఉన్నాను."

కోడలు చేదంతా ఒక్క గుటకలో మింగింది. అత్తగారు చూసి కూడా వద్దనలేదు.