నిచ్చెన కింద పిల్ల

పెయింటరు రెండో అంతస్తు గోడకు రంగు వేస్తున్నాడు. క్యారియరు తెచ్చిన అతని భార్య వీధి మలుపులోనే ఆగిపోయింది.

కింద ఒక పడుచుపిల్ల నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని, కళ్లార్పకుండా అతణ్ణే చూస్తోంది.

నిన్నా ఉంది. మొన్నా ఉంది.

ఎవరని ఇంట్లో అడిగితే, "ఏ పిల్ల? నాకు నిచ్చెన పట్టే మనుషులు కూడానా? అంత రాజభోగమే!" అని నవ్వేశాడు.

ఆ నవ్వుకే ఆమెకు ఒళ్లు మండింది. ఇవాళ తేల్చుకోవాల్సిందే.

"ఎవరు నువ్వు? ఇక్కడేం పని?"

"వాడు పడిపోతాడేమోనని."

వాడా! కట్టుకున్న తన నోటికే ఎన్నడూ రాని మాట. ఎంత చనువుంటే వస్తుంది?

"ఎన్నాళ్లనుంచి ఈ భాగోతం?"

"వాడు ఎక్కడం మొదలుపెట్టినప్పటినుంచీ."

అంటే తాను కాపురానికి రాకముందు నుంచే!

"చెయ్యి తియ్యి. నా మొగుణ్ణి చూసుకోవడానికి నేను చచ్చానా?"

ఆ పిల్లకు కోపం రాలేదు.

"నువ్వు పట్టుకుంటావా?" అంది ఆశగా.

"నేను కాక ఇంకెవరు?"

"వదలవుగా?"

"వదలను. ముందు నువ్వు కదులు."

పిల్ల ఒక్కొక్క వేలే తీసింది. తలెత్తి ఇంకోసారి చూసి, మలుపు వైపు నడిచింది.

"ఎవరితోనే పోట్లాట? గోడతోనా?" పైనుంచి పెయింటరు కేకేశాడు.

"నాటకాలాడకు!"

నిచ్చెన పట్టుకుంది గానీ ఆమె మనసు అక్కడ లేదు. నిజంగా పోయిందా? మలుపు చాటున నిలబడి ఇంకా చూస్తోందా? ఉండబట్టలేక, చేతులు వదిలేసి పరుగెత్తింది.

వీధి ఖాళీగా ఉంది.

వెనక ధబ్బున చప్పుడైంది.

ఆసుపత్రిలో డాక్టరు తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. పెయింటరును పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచి పెంచిన పెద్దమ్మ ఆయాసపడుతూ వచ్చి, కోడల్ని పొదివి పట్టుకుంది.

"అదే అత్తయ్యా! అదే మా ఆయన్ని పొట్టన పెట్టుకుంది!"

"ఎవరే?"

"ఏమో! సన్నగా, రివటలా ఉంటుంది. ఇరవయ్యేళ్లు కూడా ఉండవు. ముందుపన్ను సగం విరిగింది..."

పెద్దమ్మ చేతులు సడలిపోయాయి.

"ఆ పన్ను విరగ్గొట్టింది నేనే. చిన్నప్పుడు, ఉయ్యాల దగ్గర తోసేసి."

కోడలు అయోమయంగా చూసింది.

"మా చెల్లెలమ్మా. వీణ్ణి కని, ఒక్కసారైనా ఎత్తుకోకుండానే పోయింది."